ఎన్ని చోట్ల దరఖాస్తు పెట్టవలెను?

పదవ తరగతి పరీక్షలు ముగిసిన నాటినుండి కళాశాలలు తెరచు నాటివరకు తలిదండ్రులు మమ్ము అడుగు ప్రశ్నలలో మొదటిది మార్కులను గూర్చినది కాదు. "మాష్టారుగారూ, పిల్లవాడికి ఎన్నిచోట్ల దరఖాస్తు పెట్టమంటారు?" అనునదే మొదటి ప్రశ్న. ఇరువది సంవత్సరములుగా గణితము బోధించుచున్నవాడ నగుటచేత, సంఖ్యతో కూడిన ప్రశ్న యేదైనను నా యొద్దకే పంపుట మా సహోపాధ్యాయులకు అలవాటైనది. ఇది లెక్కయే యని నేనును ఒప్పుకొందును. కాని పైకి కనబడునంత సులభమైన లెక్క కాదు. ఈ సంచిక విద్యార్థుల చేతికిని, వారి మూలమున ఇంటి పెద్దల చేతికిని చేరును గనుక, ఇన్నాళ్లుగా ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుచు వచ్చినదానిని ఒకచోట వ్రాయుచున్నాను.

పూర్వ మీ ప్రశ్నయే లేదు. రాబర్టు నోబులుగారు 1843లో మచిలీపట్టణమున ఆంగ్లపాఠశాల తెరచిన కాలమున గాని, 1885లో గుంటూరున నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల యేర్పడిన కాలమున గాని, ఈ ప్రాంతపు బాలునికి కళాశాలను ఎంచుకొను చిక్కు కలుగలేదు. దగ్గర నున్నది ఒక్కటి. అందు చేరుటకు డబ్బు కలదా లేదా యనునదే ప్రశ్న. ఉన్నవాడు చేరెను, లేనివాడు పొలమునకు పోయెను.

నేను ఇంటర్మీడియెటు ముగించినది 1998లో. అప్పటికి కళాశాలలు పెరిగినవి గాని దరఖాస్తు పెట్టుట మాత్రము సులభము కాలేదు. ఫారము కొనుటకు పట్టణమునకు పోవలెను. బ్యాంకులో డిమాండు డ్రాఫ్టు తీయవలెను. మార్కుల పత్రపు నకళ్లపై గజెటెడ్ అధికారి సంతకము, ముద్ర ఉండవలెను. తపాలా బిళ్లలంటించి, మన చిరునామా మనమే వ్రాసిన కవరొకటి లోపల పెట్టవలెను. మా గ్రామమునకు దగ్గరలో ఆ హోదా గలవారు పశువుల డాక్టరుగారొక్కరే. వారి ఆస్పత్రి ముంగిట గేదెల వెనుక వరుసలో నిలువబడి నేను సంతకములు చేయించుకొంటిని. నా తండ్రిగారు పొగాకు బ్యారనులలో కూలిపని చేయువారు. "రెండు పెట్టుకో నాయనా, మూడోదానికి డబ్బుల్లేవు" అని వారు చెప్పిరి. కావున రెండే పెట్టితిని: ఒకటి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు, మరియొకటి పట్టణపు డిగ్రీ కళాశాలకు. మొదటిదానినుండి పిలుపు వచ్చినది. ఆ సంఖ్యను నిర్ణయించినది నా బుద్ధి కాదు, నా తండ్రిగారి జేబు.

నేడా కట్టుబాటు సడలినది. నకళ్లపై మన సంతకము మనమే చేసికొనవచ్చును. దరఖాస్తు ఫోనులోనే పూర్తియగును. ఒక సాయంకాలము ఇంటి అరుగుమీద కూర్చుండి పది దరఖాస్తులు పంపవచ్చును, పంపుచున్నారు కూడ. ఒకప్పుడు లేమి తేల్చిన సంఖ్యను ఇప్పుడు మనము ఆలోచించి తేల్చుకొనవలసి వచ్చినది. ఆలోచింపనిచో దానిని భయము తేల్చును, లేదా ఇంటికి వచ్చిన కళాశాల మనిషి తేల్చును.

ఇందుకు ఒక కుటుంబపు సంగతి చెప్పెదను. రెండు సంవత్సరముల క్రిందట మా బడిలో పదవ తరగతి చదివిన యొక బాలిక తండ్రి పరుల పడవపై సముద్రపు వేటకు పోవువాడు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని మరపడవల వేట నిషేధింపబడును. మన పిల్లల ప్రవేశముల ఋతువు సరిగా ఆ దినములలోనే వచ్చును. సంపాదన లేని ఆ రెండు నెలలలో ఈ బాలిక పేర పదునొకండు దరఖాస్తులు వెళ్లినవి. రుసుములు, ప్రయాణములు, మీ-సేవలో కులధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రములకు తిరిగిన తిరుగుళ్లు అన్నియు కలిపి 4,650 రూపాయలైనవని ఆ తండ్రి నాకు ఒక నోటుపుస్తకపు పుట చూపెను. అంతకు ముందే ఫిబ్రవరిలో, పరీక్షలైనను వ్రాయకమునుపే, ఒక ప్రైవేటు జూనియరు కళాశాల పక్షమున పి.ఆర్.ఓ. యను నతడు ఇంటికి వచ్చి "ఇప్పుడు కడితే రాయితీ, తరువాత సీటు ఉండదు" అని 10,000 రూపాయలు ముందుగా కట్టించుకొనిపోయెను. ఆ బాలికకు పాలిటెక్నిక్కులో సీటు వచ్చినది. కట్టిన పదివేలు మాత్రము తిరిగి రాలేదు. రసీదు వెనుక చిన్న యక్షరములలో అట్లు రాదని ముద్రింపబడియున్నదట. హాస్టలులో చేర్చుటకు తండ్రి వడ్డీకి అప్పు తెచ్చెను.

ఆ పదునొకండు పేర్లు వరుసగా చదివి, "అమ్మా, మిగిలినవన్నియు కాదని ఇదొక్కటే వచ్చియున్నచో నీవు వెళ్లియుందువా?" అని ఆ బాలికను అడిగితిని. మూడింటికి మాత్రమే ఔనని చెప్పినది. తక్కినవాటికి తల అడ్డముగా ఊపినది. ఒకటి మరీ దూరము. ఒకదాని రుసుము ఇంటిలో ఎవరికిని అందదు. నాలుగింటి పేర్లు తోటిపిల్లలు పెట్టినారని పెట్టినవే. వెళ్లని చోటికి పెట్టిన దరఖాస్తు దరఖాస్తు కాదు, ఖర్చు. అప్పటినుండి ఎవరు వచ్చినను నే నడుగు మొదటి ప్రశ్న ఇదే. ఈ జల్లెడతో సగము పేర్లు రాలిపోవును.

ఇక లెక్కకు వత్తము. తొమ్మిదవ, పదవ తరగతులవారు సంభావ్యత పాఠము చదివియున్నారు గనుక వారికి కష్టము కాదు. ఒక కళాశాలలో చేరుటకు నీకు సగము అవకాశమున్నదనుకొనుము, అనగా నాణెమును ఎగురవైచినట్లు. అట్టివి మూడింటికి దరఖాస్తు పెట్టితివి. మూడును కాదను అవకాశము ఎనిమిదింట ఒకటి. కనుక ఒకటైనను వచ్చు అవకాశము ఎనిమిదింట ఏడు, నూటికి 87కు పైగా. ఇంకొక మూడు చేర్చి ఆరు చేయుదము. ఇప్పుడు అరువది నాలుగింట అరువదిమూడు, నూటికి 98కి పైగా. మొదటి మూడు దరఖాస్తులు సున్న నుండి 87కు తెచ్చినవి. తరువాతి మూడు తెచ్చినది పదునొకండు మాత్రమే. ఖర్చు మాత్రము రెండు మారులును సమానము.

ఇంతవరకు తరగతిలో ఏ పిల్లవాడైనను చేయును. చిక్కు ఇచ్చటినుండి మొదలగును. పైలెక్క నిజము కావలెనన్నచో ఆరు నాణెములును వేర్వేరుగా ఎగురవలెను. మన పిల్లలు పెట్టు ఆరు దరఖాస్తులు అట్లున్నవా? ఆరు కళాశాలలును ఒకే మార్కులను చూచి, ఇంచుమించు ఒకేచోట గీత గీచినయెడల, ఆరు నాణెములు లేవు. ఒకే నాణెమును ఒకసారి ఎగురవైచి ఆరుగురు వంగి చూచినట్లు. బొమ్మ పడినచో ఆరుగురికిని బొమ్మయే, బొరుసైనచో ఆరుగురికిని బొరుసే. అప్పుడు ఆరు దరఖాస్తులు ఒక్క దరఖాస్తుతో సమానము. పట్టణములోని ప్రైవేటు జూనియరు కళాశాలలు ఏడింటికి పెట్టితిమి, ఇక భయము లేదని వచ్చు తండ్రులకు నే నిదే చెప్పుదును. వానిలో పెక్కింటికి కొలబద్ద మార్కులు కూడ కాదు, రుసుము. కట్టగలవానికి ఏడింటను చోటున్నది. కట్టలేనివానికి ఏడింటను లేదు.

కావున తలుపులను కాదు, కొలబద్దలను లెక్కింపవలెను. మన ప్రాంతమున పదవ తరగతి ముగించిన పిల్లలకు వేర్వేరు కొలబద్దలు ఏవి? 2008లో స్థాపింపబడిన రాజీవ్‌గాంధి వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము, మనవారు ట్రిపుల్ ఐటీ యని పిలుచునది, పదవ తరగతి మార్కులనుబట్టి తీసికొనును. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళము నాలుగింటికిని దరఖాస్తు ఒక్కటే. కాబట్టి "నాలుగు చోట్ల పెట్టాము సార్" అనుట సరికాదు, పెట్టినది ఒకటే. పాలిటెక్నిక్కుల కొలబద్ద వేరు: 120 మార్కుల ప్రవేశపరీక్ష, అందు గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము మాత్రమే. తెలుగు, సాంఘికశాస్త్రములలో మార్కులు తగ్గిన పిల్లవాడు ఇచ్చట తలయెత్తగలడు. ప్రభుత్వ రెసిడెన్షియల్ జూనియరు కళాశాలల ప్రవేశపరీక్ష మరియొకటి. ఇక మండలకేంద్రములోని ప్రభుత్వ జూనియరు కళాశాలకు ప్రవేశపరీక్ష లేదు. దానిని కొందరు చిన్నచూపు చూచుచున్నారు. నా యెరుకలో అచ్చట చదివి నేడు ఆస్పత్రులలోను, బడులలోను, న్యాయస్థానములలోను పనిచేయుచున్నవారు కలరు.

వేర్వేరు కొలబద్దల విలువ యెట్టిదో 2020, 2021 సంవత్సరములలో స్పష్టముగా కనబడినది. కరోనా కారణముగా పదవ తరగతి పరీక్షలే జరుగలేదు. మార్కులపై నాధారపడిన విశ్వవిద్యాలయము ఆ రెండేండ్లును ప్రత్యేకముగా ప్రవేశపరీక్ష పెట్టవలసి వచ్చినది. మార్కులే తమ బలమని నమ్మి తక్కినవి మానుకొన్న పిల్లలు ఆ యేడు ఎంత కలవరపడిరో వారి యుపాధ్యాయులకు తెలియును.

ఎన్ని యను ప్రశ్నకు ఇప్పటికి నా సమాధానము నాలుగు. రెండు, నీ మార్కులకును ప్రయత్నమునకును సరిపోవునవి. వాని కొలబద్దలు వేర్వేరుగా నుండవలెను. ఒకటి, నీకు కొంచెము అందనంత ఎత్తున నున్నది. మరియొకటి, నిశ్చయముగా చేర్చుకొనునది, చేరినందుకు నీవును చిన్నబుచ్చుకొననిది. నాలుగు దాటినచో ఐదవదానికి కారణము చెప్పుడు. కారణమున్నచో నేను అడ్డుచెప్పను. తక్కువ చేయువారికి మాత్రము అడ్డుచెప్పుదును. పెట్టినచో గొప్పదానికే పెట్టుదునని ఒక్కదానితో సరిపెట్టుకొను బాలురు ప్రతి తరగతిలోను ఒకరిద్దరుందురు. అది ఆత్మవిశ్వాసమని వారనుకొందురు. ఇంటిలో మొదటితరము చదువువాడు ఒక సంవత్సరము ఖాళీగా నున్నచో, ఆ సంవత్సరము తరువాత మరల పుస్తకము పట్టుట అరుదు. వలకో, పనికో, హైదరాబాదుకో పోవును.

ఇతర దేశములవారికి ఈ బెడద తప్పలేదు. ఇంగ్లండులో విశ్వవిద్యాలయమునకు పోగోరువాడు ఐదింటికి మించి ఎంచుకొనరాదు, వైద్యవిద్యకైనచో నాలుగే. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి రెండింటికిని ఒకే సంవత్సరమున సాధారణముగా పెట్టరాదు. అమెరికాలో వందలకొలది కళాశాలలకు కలిపి యున్న ఉమ్మడి దరఖాస్తుతో ఇరువదింటివరకు పంపవచ్చును. ఐదు చాలునను దేశమున పిల్లవాడు ముందుగా ఆలోచించుచున్నాడు. ఇరువది యను దేశమున తరువాత ఆలోచించుచున్నాడు. నాకు మొదటిదే మేలని తోచుచున్నది.

నాలుగని చెప్పితినే, దానికి ఒక ముఖ్యమైన మినహాయింపు కలదు. పాలిటెక్నిక్కు కౌన్సెలింగులోను, ఇంటర్మీడియెటు తరువాత ఇంజనీరింగు కౌన్సెలింగులోను, విద్యార్థి వెబ్ ఆప్షనులు పెట్టవలసి యుండును. అవి దరఖాస్తులు కావు. అది ఒకే జాబితా. కళాశాలలను, శాఖలను మనకు నచ్చిన వరుసలో వ్రాసి యిత్తుము. కంప్యూటరు మొదటి ర్యాంకునుండి ప్రారంభించి ఒక్కొక్కరి జాబితాను పైనుండి క్రిందికి చదువుచు, వారి వర్గపు రిజర్వేషనులనుబట్టి ఖాళీయున్న మొదటి చోటును వారికిచ్చును. ఇచ్చట పేరు చేర్చుటకు వేరుగా రుసుము లేదు. కనుక ఇచ్చట నాలుగుతో ఆగుట తెలివి కాదు. ముప్పది పెట్టుడు, నలువది పెట్టుడు. వెళ్లుటకు సిద్ధముగా నున్నవి మాత్రమే పెట్టుడు.

ఇందులో తలిదండ్రులకు ఒక భయమున్నది. "పైన పెద్ద కళాశాల పెట్టి అది రాకపోతే, రెండోది అప్పటికే దాన్ని మొదట పెట్టినవాళ్లకు పోతుంది గదా?" అని యడుగుదురు. పోదు. నీ తరువాతి ర్యాంకువాని జాబితా నీ జాబితా పూర్తిగా చదివిన తరువాతనే తెరువబడును. వాడు దానిని మొదటనే వ్రాసికొన్నను నీకు ముందుగా పొందలేడు. కనుక మనసులోని వరుసయే కాగితముమీది వరుస కావలెను. యుక్తులు పన్నినవాడు తన్ను తానే మోసగించుకొనును.

ఇట్టి జాబితాల వెనుక గణితమున్నదని మా విద్యార్థులు తెలిసికొనుట మంచిది. అమెరికా గణితజ్ఞులైన డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ యనువారు 1962లో కళాశాల ప్రవేశములను గూర్చి ఒక చిన్న వ్యాసము ప్రకటించిరి. విద్యార్థుల ఇష్టములు, కళాశాలల ఇష్టములు రెండును తెలిసినప్పుడు, తరువాత ఎవ్వరును తమలో తాము మార్చుకొన గోరని విధముగా అందరిని ఎట్లు అమర్చవచ్చునో వారు నిరూపించిరి. దాదాపు నలువది యేండ్లకు అది న్యూయార్కు నగరపు ఉన్నతపాఠశాలలకు అక్కరకు వచ్చినది. అచ్చట ఆ కాలమున ఏటేట సుమారు 90,000 మంది పిల్లలు ప్రవేశము కోరెడివారు. పాత పద్ధతిలో ఒక్కొక్కరు ఐదు పాఠశాలలను వ్రాయవచ్చును. తమను మొదట వ్రాసినవారినే కొన్ని పాఠశాలలు చూచుటచేత, కోరినదానిని కాక వచ్చునని తోచినదానిని మొదట వ్రాయవలసిన దుస్థితి. కొందరికి రెండు మూడు పిలుపులు. సుమారు 30,000 మందికి తాము వ్రాయని పాఠశాల. ఆల్విన్ రోత్ మొదలగు పండితుల సాయముతో 2003లో పద్ధతి మార్చి, పన్నెండింటివరకు నిజమైన వరుసలో వ్రాయనిచ్చిరి. మొదటి యేటనే ఆ 30,000 సుమారు 3,000కు దిగినది. షాప్లీ, రోత్ ఇరువురికిని 2012లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. గేల్ అంతకు నాలుగేండ్ల ముందే గతించెను.

మన కౌన్సెలింగులో రెండవ విడత యొకటి కలదు. అచ్చట మాత్రము జాగ్రత్త. మొదటి విడతలో సీటు వచ్చినవాడు ఇంకను మంచిది కావలెనని మరల ఆప్షనులు పెట్టవచ్చును. అట్లు పెట్టినప్పుడు క్రొత్త సీటు వచ్చినచో పాతది తనంతట తానే రద్దగును. వద్దనుటకు వీలులేదు. కనుక చేతిలో నున్నదానికంటె నిజముగా మేలైనవే ఆ జాబితాలో నుండవలెను. మా పూర్వవిద్యార్థి యొకనికి ఇంటికి పది కిలోమీటర్ల లోపున ప్రభుత్వ పాలిటెక్నిక్కులో ఎలక్ట్రికల్ శాఖ వచ్చినది. స్నేహితులు పెట్టుచున్నారని వాడును రెండవ విడతలో పదునారు పెట్టెను. అందు పండ్రెండవది వచ్చినది. ఇప్పుడు వేకువజామున ఐదు గంటలకు బస్సెక్కుచున్నాడు. ఖాళీయైన సీటు ఆ మరునాడే వేరొకరి పాలైనది. మొదటి విడతలో పొడుగైన జాబితా మేలు చేయును. రెండవ విడతలో అదే జాబితా ఉన్నదానిని ఊడగొట్టవచ్చును.

ఏప్రిల్ మాసపు చివరి రెండు శనివారములు, వేసవి సెలవులైనను, నేను ఉదయము తొమ్మిది మొదలు పన్నెండు వరకు గణితపు గదిలో నుందును. పదవ తరగతి పిల్లలు ఒక తెల్లకాగితముమీద తాము పెట్టదలచిన పేర్లు వ్రాసి, ఒక్కొక్క పేరు ఎదుట మూడు సంగతులు వ్రాసి తేవలెను: అచ్చట కొలబద్ద యేది, సంవత్సరమున కయ్యెడి మొత్తమెంత, అదొక్కటే వచ్చినచో వెళ్లుదురా. అంతవరకు ఇంటికి వచ్చువారెవ్వరికిని ముందుగా డబ్బు కట్టవద్దని పెద్దలకు నా మనవి. వేట నిలిచియుండు దినములు గనుక తండ్రులు ఇంటనే యుందురు. వారిని కూడ తోడ్కొని రండు. చదువు రాదని వెనుదీయనక్కరలేదు. ఆ నోటుపుస్తకపు పుట నాకు చూపిన తండ్రియు వేలిముద్ర వేయువాడే. పుటలోని అంకెలు కూతురిచేత వ్రాయించినవి, ఒక్క రూపాయి తప్పలేదు.